తిట్టే హక్కు

ఆ ఉదయం విమాన ద్వారం వద్ద నిలిచినవారు, హోదా క్రమంలో: మొదట హెడ్ ఎయిర్‌హోస్టెస్, ఆమె పక్కన, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని కొత్త ఎయిర్‌హోస్టెస్. లోపలికి వచ్చినవారు, వచ్చిన క్రమంలో: సఫారీ సూటు ధరించిన భారీ పెద్దమనిషి, కళ్లజోడు పెట్టుకున్న బక్కపలచటి ఆసామి, తక్కిన ప్రయాణికులు, అందరికంటే చివర, కూతురి ఇంటికి బయలుదేరిన ఒక పెద్దావిడ. ఆవిడ కొత్త ఎయిర్‌హోస్టెస్‌కు సాక్షాత్తు అత్తగారు.

అత్తాకోడళ్ల మధ్య ఇంటి దగ్గరే ఒప్పందం కుదిరింది.

"అత్తయ్యా, విమానంలో మనం ఒకరికొకరం తెలియనట్టే ఉందాం. ఇవాళ మమ్మల్ని పరీక్షించడానికి మామూలు ప్రయాణికుడిలా ఎవరో ఆఫీసరు వస్తున్నాడట. కాస్త తేడా వచ్చినా నా ఉద్యోగం గోవిందా!"

"నేను నోరు విప్పితే అడుగు," అన్నారు అత్తగారు. ఆ నోటిని ఎరిగినవారెవరూ అటువంటి హామీని నమ్మరు. కోడలికి గత్యంతరం లేదు.

విమానం లేచింది. సఫారీ సూటాయన ముందున్న బల్లను వేలితో రాసి చూశారు. కిటికీ అంచును తట్టి చూశారు. పెదవి విరిచారు. ఆఫీసరు ఈయనేనని కోడలికి రూఢి అయింది.

"ఏయ్ అమ్మాయ్! ఇది టీయా, కుడితా?"

"క్షమించండి సార్, వేరేది తెస్తాను."

"ఇది కాలుతోంది!"

"చల్లార్చి తెస్తాను సార్."

దిండు అడిగితే రెండు దిండ్లు ఇచ్చింది. దుప్పటి అడిగితే స్వయంగా కప్పింది. ఆయన ఎంత కసిరితే ఆమె అంత వంగింది. వెనుక వరుసలవారు ఇదంతా శ్రద్ధగా గమనించారు. మర్యాదగా అడిగినవారికి చిరునవ్వు, అరిచినవారికి జంట దిండ్లు అన్న సత్యం వారికి క్షణంలో బోధపడింది.

"మేం మనుషులం కామా?" అని ఒకరు గర్జించారు. "మా టీ ఏ బావిలో పడింది?" అని మరొకరు. సీట్ల దగ్గరి పిలుపు గంటలు గణగణ మోగాయి. అంతవరకు మంచినీళ్లకు కూడా "థాంక్సమ్మా" అన్న కళ్లజోడు ఆసామి సైతం లేచి, "నా దిండు సంగతేంటి? పిలిస్తే పలకరా?" అని కేకవేశాడు.

ఆయన పక్కసీటు అత్తగారిది. ఒప్పందం అక్కడితో రద్దయింది.

"కూర్చో నాయనా!" అన్నారు. ఆయన కూర్చున్నాడు. భయంతో ఇంకొందరు కూడా కూర్చున్నారు. "ఆ పిల్లని తిట్టే హక్కు ఈ లోకంలో ఒక్కరికే ఉంది. అది నాకు. దాన్ని నేనెవరికీ అద్దెకివ్వలేదు!"

ఆ ఊపున ఆవిడ సఫారీ సూటాయన సీటు దగ్గరికి నడిచారు. కోడలు అడ్డంపడి, "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆయనే ఆఫీసరు!" అని చెవిలో గొణిగింది.

"అయితే ఇంకా మంచిది. ఏమయ్యా, ఇంట్లో నీకు టీ ఎవరు పెడతారు?"

"మా... మా ఆవిడ."

"ఆవిడ దగ్గర కుడితి అంటావా?"

పెద్దమనిషి టీ కప్పును తనవైపు లాక్కున్నారు.

"అనవు. అందుకే ఆకాశంలోకి వచ్చి అంటున్నావు. తాగు!"

ఆయన తాగారు. విమానం దిగేదాకా ఒక్క గంట కూడా మోగలేదు.

ద్వారం వద్ద కోడలు కన్నీళ్లు ఆపుకొంటూ, "సార్, మా అత్తయ్యను మన్నించండి. నా ఉద్యోగం మీ చేతిలో ఉంది," అన్నది.

"నా చేతిలోనా?" సఫారీ సూటాయన తెల్లబోయారు. "నాది టైల్స్ కొట్టమ్మా. నున్నగా ఏది కనబడ్డా వేలు పెట్టి చూడటం అలవాటు," అని గబగబా మెట్లు దిగిపోయారు.

కళ్లజోడు ఆసామి చివరిదాకా ఆగి, తలవంచుకొని తన గుర్తింపు కార్డు చూపించాడు. కోడలు ఆ కార్డును రెండుసార్లు చదివింది.

"అయితే సార్... మా అత్తయ్య కసిరింది..."

"నన్నే. రిపోర్టులో గొడవ సంగతి రాస్తే, నన్నెందుకు కూర్చోబెట్టారో కూడా రాయాల్సొస్తుంది," అని గొంతు తగ్గించాడు. "రెండు దిండ్లు వస్తాయేమోనని ఆశపడ్డానమ్మా. నువ్వు మాత్రం ఒక్కసారి కూడా మాట తూలలేదు. అదే రాస్తాను."

కోడలి ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆనాడు ఆకాశమార్గాన శాంతిభద్రతలను పునరుద్ధరించిన ఘనత యావత్తూ అత్తగారికే చెందునని ఇందుమూలంగా సగౌరవంగా అంగీకరించడమైనది. కూతురి ఇంటి నుంచి తిరిగివచ్చిన రోజు, టీ చల్లారిందన్న కారణంపై, ఆవిడ తన హక్కును యథావిధిగా వినియోగించుకున్నారు.