జెండాకు ఇరవై ఐదో ఆకు

"దేశం పెరిగింది. కనుక జెండా పెరగాలి" అని 1948 అక్టోబరులో మెదక్ వీధుల్లో దండోరా వేయించిన మహానుభావుడు మదన్ మోహన్. పోలీస్ యాక్షన్ ముగిసి మూడు వారాలే అయింది. ఆయన అప్పటికే పురాతన జెండాల సవరణ కమిటీకి ప్రెసిడెంటు. మెంబర్లు ఇంకా దొరకలేదు.

పురాతనం అంటే ఏడాది కిందటిది. కొత్త దేశానికి ఏడాదే పురాతనం. నిజాం పోలీసుల కంట పడకుండా రాట్నం జెండాలు దాచుకున్నవాళ్లు తెచ్చి ఇవ్వాలి. రాట్నం తీసేసి చక్రం కుడతారు. ఢిల్లీ చక్రానికి ఇరవై నాలుగు ఆకులు. హైదరాబాదు కలిసింది కనుక ఇరవై ఐదు.

"బండి ఆకు విరిగితే వడ్లాయన ఏస్తడు" అన్నది కూరగాయలమ్మే ఐలవ్వ. "దేశం ఆకు ఎవరేస్తరు బిడ్డా?"

"దర్జీ ఇబ్రహీం" అన్నాడు మదన్ మోహన్. ఆయన దగ్గర అన్నిటికీ జవాబుంది.

నా దగ్గర ఒక జెండా ఉందని ఆయనకు తెలుసు. కిందటేడు పోలీసులకు మా ఇల్లు చూపించింది ఆయనే. వాళ్లకు జెండా దొరకలేదు. నా భార్య రాహేలు దొరికింది. జైలు నుంచి జ్వరంతో వచ్చి పన్నెండు రోజులు బతికింది. దారి తెలిసిన మనిషి కనుక ఈసారి మదన్ మోహన్ ఒక్కడే వచ్చాడు.

"దావీదన్నా, జెండ ఇయ్యి. దాచినోల్లను కమ్యూనిస్టుల లెక్క రాసుకుంటున్నరు."

"మళ్ల ఇస్తవా?"

"దేశానికి ఇచ్చింది ఏడ పోతది?"

ఇచ్చాను. దాని తెల్లగుడ్డ రాహేలు పెళ్లి చీరలోది. మిషనరీల బడిలో కుట్టు నేర్చిన మనిషి. చాకలి దగ్గర మారిపోకుండా ఇంట్లో ప్రతి బట్ట మూలకు ఎర్ర దారంతో 'రా. దా.' అని కుట్టేది. రాహేలు, దావీదు. జెండా మీద ఎందుకని అడిగితే, "మనదని తెల్వాలె గదా" అన్నది.

ఇబ్రహీం దుకాణానికి పోయి ఒక్కటే అడిగాను.

"రాట్నం తీస్తె తియ్యి భాయ్. గా రెండక్షరాలు ఇప్పకు."

"నా కత్తెర గా మూలకు పోదు" అన్నాడు ఇబ్రహీం.

ఇరవై ఐదో ఆకు సంగతి అల్లాదుర్గ్‌కు పాకింది. "మా ఊరు కలువలేదా?" అని పెద్దలు వచ్చారు. ఇరవై ఆరు. శంకరంపేటకు ఇరవై ఏడు. ఏడుపాయల నుంచి వచ్చినాయన పాయకొకటి చొప్పున ఏడు అడిగాడు. మదన్ మోహన్ ఎవరినీ కాదనలేదు. ప్రజాస్వామ్యం. ముప్పై నాలుగు.

"ఇగ సందు లేదు సాబ్. చక్రం పోయి నీలం రొట్టె అయింది" అన్నాడు ఇబ్రహీం.

"దూరం నుంచి ఏకత కనబడతది. కుట్టు."

జెండా ఎత్తడానికి కొత్త ప్రభుత్వం మద్రాసు నుంచి ఒక ఆఫీసరును పంపింది. ఎత్తబోయే మా జెండాను తాను ప్రాణాలకు తెగించి కాపాడిన వైనం మదన్ మోహన్ అరగంట చెప్పాడు. ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని నీలం రొట్టెను చూశాడు. చూపు మూల మీద ఆగింది.

"ఈ అక్షరాలు ఏమిటండీ?"

నేను వెనక వరుసలో నోరు తెరిచాను. మదన్ మోహన్ నాకంటే ముందే తెరిచాడు.

"రాష్ట్ర దాస్యవిమోచనం సార్. ఉద్యమంల రహస్య గుర్తు. నేనే పెట్టిన."

ఆఫీసరు కళ్లు చెమర్చాయి. రాసుకున్నాడు.

వారానికి ఆర్డరు వచ్చింది. చక్రానికి ఆకులు ఇరవై నాలుగే, మిగతావి ఊడదీయాలి. తాలూకాలో ప్రతి జెండా మూలకూ ఎర్ర దారంతో 'రా. దా.' కుట్టాలి. మదన్ మోహన్‌కు సన్మానం చేయాలి.

మా జెండా తిరిగి రాలేదు. ఇబ్రహీం నలభై జెండాల మీద అక్షరాలు కుట్టాడు. మొదటిది నాకు చూపించి సరిగ్గా ఉన్నదా అన్నాడు. దీర్ఘం జర పొడుగు పెట్టమన్నాను. ఆమె అట్లాగే పెట్టేది.

మొన్న తాసీలు ఆఫీసు ముందు జెండా ఎగిరింది. అందరికంటే ముందు టోపీ తీసింది నేనే. నా దేశభక్తిని మదన్ మోహన్ మైకులో మెచ్చుకున్నాడు. పక్కన ఐలవ్వ గంప దించుకుని నిలబడింది. ఆమె చదువుకోలేదు.

"జెండ మీద ఏం రాసిన్రు దావీదూ?"

"రా... దా."

"రాదా?"

"రాదు" అన్నాను.