తమ్ముడు చచ్చితీరాలి

ఆ రోజు ఉదయం రచయిత వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను ఆఫీసుకు తీసుకెళ్లాలి, పదిమంది ముందు కూర్చోబెట్టాలి, ఏడిపించాలి. అంతే.

ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. రచయిత పనిచేసేది వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో. యజమాని స్వయానా బావమరిది. తాతల కాలం నాటి గ్యాంగ్‌స్టర్ల మీద, టోపీలూ పొడుగు కోట్లూ నల్లటి కార్లతో ఒక గేము తయారవుతోంది. దానికి కథ రాయడానికి రచయిత ఏళ్లు అరగదీశాడు. ఆ కథకు ప్రాణం ఒక్క సన్నివేశం. శత్రువులు హీరో తమ్ముణ్ణి రేవు దగ్గర గోదాములో కట్టిపడేస్తారు. హీరో కారులో బయల్దేరతాడు. శత్రువులు అతని వెనకాలే వచ్చి, అతని కళ్లెదుటే తమ్ముణ్ణి కాల్చేస్తారు. ఆ ముక్క రాస్తూ రచయిత ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నాడో లెక్కలేదు. బావమరిది కంట మాత్రం చుక్క రాలలేదు.

"జనం కాల్చడానికొస్తారు గానీ ఏడవడానికొస్తారా బావా? గేముల మొహం ఎరగని మనిషినెవర్నైనా తీసుకొచ్చి ఆడించు. ఏడిస్తే కథ ఉంటుంది. లేదంటే కథ పీకేసి కాల్పులొక్కటే ఉంచుతా," అని తేల్చేశాడు.

రచయితకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిండి మానేసి రాసిన కథను కలుపు మొక్కలా పీకేస్తాడట! అయినా సరేనన్నాడు. ఇంట్లో భార్య ఉంది. టీవీలో సబ్బు ప్రకటన చూసి కూడా కొంగు తడుపుకునే మనిషి. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుందన్న సంగతి ఆ ఉత్సాహంలో అతనికి తట్టలేదు.

ఆఫీసులో ఆవిడ కోసం బల్లకు స్టీరింగు బిగించి, కింద పెడళ్లు పెట్టి సిద్ధంగా ఉంచారు. ఆ ఏర్పాటు చేసినవాడు నిజాల్రావు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. గేములో ప్రతిదీ నిజంలా ఉండాలనేది అతని రోగం. చలికాలం ఉదయం కారు ఓ పట్టాన స్టార్టవకూడదు. ఎత్తు ఎక్కితే ఇంజను మూలగాలి. రచయితకూ అతనికీ ఉప్పూ నిప్పూ.

"ఏమండీ, ఇది నా కారేనా?" అని అడిగింది భార్య, తెర మీద కారు చూస్తూ.

"నీదే. నువ్వు గ్యాంగ్‌స్టర్‌వి. నీ తమ్ముణ్ణి గోదాములో కట్టేశారు. పరుగెత్తు!"

"అయ్యో పాపం!" అంటూ ఆవిడ కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి టైర్లలో గాలి చూసింది. నిజాల్రావు ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన టైర్ల వంక చూసిన మనిషి దొరికింది.

కారు బయల్దేరింది. బయల్దేరిందంటే, ఎడ్లబండి దాన్ని దాటి వెళ్లిపోయింది. శత్రువుల కారు ఆవిడ వెనకాల ఊపిరి సలపకుండా హారన్ కొడుతోంది. కూడలిలో దిమ్మ మీద నిలబడ్డ పోలీసు చెయ్యి అడ్డంగా చాపాడు. ఆవిడ ఆపింది.

"ఆపావేంటి? పోనియ్!"

"చెయ్యి చూపించాడు కదండీ."

"అక్కడ తమ్ముడు చచ్చిపోతున్నాడే!"

"అలా తొందరపడే మీరు రెండుసార్లు లైసెన్సు పరీక్ష తప్పారు."

గదిలో అందరూ నవ్వారు. పరువు పోయిన మంటలో రచయిత నోరు తెరిచేలోగా, వెనకున్న శత్రువులకు ఓపిక నశించింది. ఆవిణ్ణి దాటుకుని, పోలీసు చేతి కిందుగా దూసుకుపోయారు. ఈల మోగింది. నాలుగు వీధుల నుంచీ పోలీసులు వచ్చి కారును చుట్టుముట్టారు. డిక్కీ తెరిపిస్తే లోపల తుపాకులు. శత్రువులందరినీ వ్యానెక్కించారు.

రచయిత నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఏంటయ్యా ఇది! వాళ్లు హంతకులు! వాళ్లని పట్టుకుంటే నా కథేం కావాలి?"

నిజాల్రావు నొచ్చుకున్నాడు. "పోలీసులు గుడ్డివాళ్లలా నిలబడుతున్నారు, వాళ్లకి కళ్లు పెట్టమని పోయిన వారం నా మీద అరిచింది మీరే కదా సార్?"

"హీరోని చూడ్డానికయ్యా! హీరో భయపడాలి!"

"పోలీసుకి హీరో ఎవడో విలనెవడో ఎలా తెలుస్తుంది సార్? తప్పు చేసినవాణ్ణి పట్టుకుంటాడు. మేడమ్ తప్పు చెయ్యలేదు."

ఈలోగా మేడమ్ గోదాము చేరుకుంది. కారును గోడ వారగా, తలుపుకు అడ్డం లేకుండా నిలిపింది. లోపల తమ్ముడు ఒంటరిగా కుర్చీకి కట్టేసి ఉన్నాడు. చంపవలసినవాళ్లు లాకప్పులో ఉన్నారు. పాపం, తమ్ముడికి చావడం తప్ప వేరే పని నేర్పలేదు. అన్న రాగానే తల వాల్చి, "అన్నా, నా కళ్లు మూతలు పడుతున్నాయి. అమ్మ జాగ్రత్త," అన్నాడు.

"ఏం మూతలు? నిద్రొస్తోందేమో. ఒంటి మీద గీత కూడా లేదు, లే!" అని కట్లు విప్పింది ఆవిడ.

తమ్ముడు లేచాడు. అన్న వెంట నడవడం గేములో ప్రతివాడికీ వచ్చు కాబట్టి, బుద్ధిగా నడిచి కారెక్కాడు. దారి పొడవునా "అమ్మ జాగ్రత్త" అంటూనే ఉన్నాడు.

"ఆపండి! మళ్లీ మొదట్నుంచి పెట్టండి! ఈసారి ఎవడూ ఎవణ్ణీ పట్టుకోకూడదు!" అని రచయిత కేకలు పెట్టాడు.

భార్య స్టీరింగు వదలకుండా తలతిప్పి చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ అలా చూడడం అతను ఎరగడు. "మళ్లీ ఎందుకు? బతికున్న పిల్లాణ్ణి చంపడానికా? మీకసలు మనసుందా?"

"వాడు చచ్చితీరాలే! వాడు చస్తేనే నా కథ!"

"మీరు నోర్మూసుకోండి. నేనింటికి తీసుకెళ్తున్నాను."

ఇంటి గేటు దగ్గర తల్లి నిలబడి ఉంది. చావు కబురు విని కుప్పకూలి ఏడవడానికి ఆమెను అక్కడ పెట్టారు. కారు ఆగగానే ఆమె తన పని తాను చేసింది. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ చాపి, బావురుమంది. ఆ చేతుల ముందు కొడుకు నిక్షేపంలా నిలబడి, "అమ్మ జాగ్రత్త," అన్నాడు.

భార్య స్టీరింగు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నిజాల్రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బావమరిది కళ్లు ఒత్తుకుంటూ అక్క భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇంత మంచి కథని పీకేస్తానన్నావటరా?" అంది ఆవిడ ముక్కు చీదుతూ.

"తప్పయిపోయిందక్కా. బావా, కథ ఉంటుంది. ఇదే కథ, అక్షరం మార్చను. ఆ తమ్ముడి జోలికి ఎవడైనా వస్తే నేను ఊరుకోను!"

రచయిత కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడు బతికి బయటపడ్డందుకు ఆ గదిలో దుఃఖంతో ఏడ్చినవాడు అతనొక్కడే.