బ్రేకు పడని జీపు మహాత్మ్యం

చిక్కుడుకాయల చేట ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తూ, కుడికాలితో జీపు బ్రేకు తొక్కుతున్నాను. పది రోజులుగా పొద్దున్నే నాకిదే పని. ఆ అనుభవంతో చెబుతున్నాను, వినండి: బ్రేకు పడని జీపుని మించిన వరం సంసారులకి మరొకటి లేదు!

నవ్వకండి. బ్రేకు బాగా పడే బండి మనిషిని చెడగొడుతుంది. ఎక్కినవాడు నిద్రపోతాడు, దిగాక దేవుణ్ణి మరిచిపోతాడు. మరి మా జీపు ఎక్కినవాళ్ళని అడగండి! క్వారీ కొండ దిగేలోపు సింహాద్రి అప్పన్నని ఎన్నిసార్లు పిలిచారో వాళ్ళే చెప్పలేరు.

ఈ జీపుని మా బావ గవర్రాజు క్వారీకి కూలీల్ని తీసుకెళ్ళడానికని హార్బరు వేలంలో కొన్నాడు. ఏ దేశపు సరుకో తెలియదు గాని, దీని ముందు చక్రాలకి అందరి జీపుల్లా డ్రమ్ములు లేవు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, దాన్ని రెండు వైపులా పట్టి ఆపే కాలిపర్లు ఉన్నాయి. మన సముద్రపు గాలికి ఆ కాలిపర్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

బావ ఫిషింగ్ హార్బరు నుంచి తవిటయ్యని పిలుచుకొచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా బోటింజన్లు బాగుచేస్తున్న నిపుణుడు! బోట్లకి బ్రేకులుండవు కదా అని మా అక్క నాగమణి అనుమానపడింది.

"బ్రేకు నేకపోయినా బోటు ఒడ్డుకి రావట్లేదేటమ్మా? ఇదెంత పని!" అన్నాడాయన.

కాలిపర్లు రెండూ విప్పి, లోపలి పిస్టన్లు తీశాడు. అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కుడివి కుడివైపు, ఎడమవి ఎడమవైపు గోనె మీద పెట్టింది నేనే. తవిటయ్య అన్నం తినొచ్చి, ఎండగా ఉందని ఆ గోనెని గిర్రున తిప్పి నీడలోకి లాక్కున్నాడు. పిస్టన్లు మెరిసేలా రుద్దాడు, కలకత్తా నుంచి తెప్పించిన కొత్త రబ్బరు రింగులు వేశాడు. ఎంతో శ్రద్ధగా కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాడు.

ఇక బ్రేకు ఆయిలు పోసి, లోపలి గాలి తియ్యాలి. గాలి మిగిలితే బ్రేకు పడదు. గాలి పోవడానికి ఒక్కో కాలిపర్‌కీ చిన్న నిప్పిలు ఉంటుంది. విప్పకముందు అది పైన ఉండేది. ఇప్పుడు కింద ఉంది.

"తొక్కమ్మా! పట్టు! ఒగ్గెయ్!" అని జీపు కిందనుంచి తవిటయ్య అరుస్తాడు. తొక్కుతాను, పట్టుకుంటాను, వదిలేస్తాను. ఆయిలు వస్తుంది. గాలి రాదు.

ఎలా వస్తుంది? గాలి పైకే పోతుందని మా ఊరి బళ్ళో మూడో తరగతిలోనే చెప్పారు. రెండో రోజే నోరు జారాను. "నిప్పిలు కిందికున్నాది మావా, రెండూ తారుమారైపోనాయి."

"ఓలమ్మో! బావా, నీ మరదలు మెకానిక్కైపోనాదోయ్!" అన్నాడు తవిటయ్య.

"నువ్వు తొక్కవే, సాలు. సూసేదేదో మేం సూత్తాం," అన్నాడు బావ.

నిజమే కదా! గాలి ఎటు పోతుందో మగవాళ్ళకి తెలియదా? అందుకే నోరు మూసుకుని తొక్కుతున్నాను. జీపు మాత్రం ఆగలేదు. వెనక బ్రేకు, గేరు, దేవుడు ముగ్గురూ కలిసి రోజూ క్వారీకి నడిపిస్తున్నారు. స్టీలుప్లాంటు కడుతుంటే రాయి ఆగితే ఎలా?

ఇక లాభాలంటారా? మా జీపు హారను వింటే సిటీ బస్సే పక్కకి తప్పుకుంటోంది. అంత మర్యాద కలెక్టరుగారి కారుకైనా ఉందా? మొన్న మా పెదమావయ్య ఇంటిముందు ఆగాల్సినది పోస్టాఫీసు దాటాక ఆగింది. అంత దూరం వెనక్కి నడవలేక అక్కణ్ణుంచే దండం పెట్టి వచ్చేశాం. చుట్టరికాల బెడద ఎంత తేలికైపోయిందో చూడండి!

అన్నిటికంటే గొప్పది ఐకమత్యం. జీపులో వెళ్ళే ఎనిమిది మంది ఆడకూలీలూ ఇప్పుడు ఒళ్ళో తలా ఒక రాయి పెట్టుకుని కూర్చుంటున్నారు. దిగుడు మలుపు రాగానే దూకి, చక్రాల కింద రాళ్ళు వేస్తారు. నిన్న జోగమ్మ ఒక్క క్షణం ఆలస్యం చేసింది. జీపు లోయ అంచున ఆగింది గాని, ఆమె రెండు వేళ్ళు రాయికీ చక్రానికీ మధ్య నలిగిపోయాయి. దేవుడు మనిషికి పది వేళ్ళిచ్చింది అందుకే కాబోలు!

ఆమె చేతికి మా అరుగు మీదే అక్క గుడ్డ కట్టింది. అప్పట్నుంచి అక్క అన్నం ముట్టలేదు.

ఇదుగో, ఇప్పుడు బావ తల దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

"ఇంకా గాలుందేటి?"

"మరో రెండ్రోజులు తొక్కితే అదే పోద్ది బావా," అన్నాడు తవిటయ్య.

"సరే, ఈలోగా కొండకెల్లొచ్చేత్తాను. కూలోళ్ళు రోడ్డుమీద కాసుకున్నారు."

అక్క జీపు దగ్గరికొచ్చింది. "ఆరోజు నువ్వన్నదేటే? మల్లీ సెప్పు," అంది.

పది రోజుల్లో నన్నడిగింది ఆమె ఒక్కతే. చెప్పాను. సీటు పక్కనున్న సగం నీళ్ళ సీసాని తలకిందులు చేసి చూపించాను. ఎటు తిప్పినా బుడగ పైకే పోయింది. అక్క ఆ బుడగనే చూస్తూ నిలబడింది.

ఇంత గొప్ప వరం విలువ మా అక్కకి తెలియలేదండీ! తిన్నగా అరుగెక్కి, మేకుకున్న జీపు తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది.

"ఏటే, తాళమిటు తే! నాగమణీ, నీకే!" బావ అరుస్తున్నాడు.

అక్క చెప్పులేసుకుంది. గేటు దాటి, కూలీలు నిలబడ్డ రోడ్డువైపు వెళ్ళిపోయింది.