అత్తగారికి డెబ్బై రెండేళ్ళు

శనివారం పొద్దున్నే ఆ ఇంట్లో బడ్జెట్ సమావేశం మొదలైంది. సమావేశం అంటే ఇంటాయన బల్ల ముందు కూర్చుని కాయితం మీద అంకెలు వేసుకోవడం, మిగతా ముగ్గురూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఊఁ కొట్టడం. అతను టైర్ల గోదాములో స్టాకు గుమస్తా. గోదాము తాళాలు అక్కడే అప్పజెప్పి వచ్చినా, లెక్కలు మాత్రం ఇంటికి తెచ్చుకునేవాడు.

"థీమ్ పార్కు టికెట్టు మనిషికి పన్నెండు వందలు. నలుగురికి నాలుగు వేల ఎనిమిది వందలు. ఇంకా లోపల అడుగే పెట్టలేదు," అన్నాడు.

"అడుగు పెట్టడానికే కదండీ ఇచ్చేది," అంది భార్య ఇస్త్రీ చేస్తూ. ఆమె బట్టల కొట్టులో వారానికి ఆరు రోజులు నిలబడే పని చేస్తుంది. ఈ ఆదివారం కోసం నెల రోజులుగా ఎదురుచూస్తోంది.

ఆమెకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది వాళ్ళమ్మ. ఆవిడ రిటైరైన టెలిఫోన్ ఆపరేటర్. వయసు అరవై మూడు. ఆ పార్కులో రోలర్ కోస్టర్ ఉందని టీవీలో చూసిన దగ్గర్నుంచి కుదురుగా లేదు. "ముప్పై ఏళ్ళు కుర్చీలో కదలకుండా కూర్చుని ఊళ్ళో వాళ్ళందరికీ లైన్లు కలిపాను. ఒక్కసారైనా కుర్చీయే నన్ను గిరగిరా తిప్పాలి," అంటోంది. కొత్త బూట్లు కూడా కొనుక్కుంది.

గుమస్తా ఫోన్లో టికెట్లు బుక్ చేస్తుంటే అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి. డెబ్బై దాటినవాళ్ళకి ప్రవేశం ఉచితం. వాళ్ళకి తోడుగా వచ్చే సహాయకులకీ ఉచితం. పదేళ్ళలోపు పిల్లలకి సగం ధర. పుట్టిన తేదీలు రాస్తే చాలు, కాయితాలేవీ అడగరు. అతను తలెత్తి ముగ్గురినీ ఒకసారి చూశాడు. సరుకును చూసే చూపు అది. రెండు నిమిషాల్లో అత్తగారికి డెబ్బై రెండేళ్ళు వచ్చాయి, భార్య ఆవిడకి సహాయకురాలైంది, పదకొండేళ్ళ కూతురికి తొమ్మిదేళ్ళయ్యాయి. మొత్తం పద్దెనిమిది వందలు. మిగులు మూడు వేలు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు బస్సులో కూతురి చెవిలో మాత్రం ఊదాడు. "ఎవరైనా అడిగితే నీకు తొమ్మిదేళ్ళని చెప్పు."

"మొన్ననే పదకొండు నిండాయి కదా నాన్నా. కేకు కూడా కోశాం."

"అది ఇంట్లో. పార్కులో తొమ్మిదే."

పార్కు గేటు దగ్గర కౌంటరులో కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూసి మైకులో అడిగింది. "డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ ఎవరండీ?"

అత్తగారు పాపం ఎవరో ముసలావిడ ఉందనుకుని, దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది. వెనకాల ఎవరూ లేరు. అల్లుడి వైపు చూసింది. అల్లుడు సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆవిడకి విషయం అర్థమైంది. మెల్లగా నడుం వంచి, కూతురి భుజం పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది.

"నేనేనమ్మా. కానీ డెబ్బై రెండు కాదు, డెబ్బై తొమ్మిది. మా అల్లుడుగారికి లెక్కలు అంతంతమాత్రం."

వయసు మాట ఎలా ఉన్నా, లెక్కల మాట గుమస్తాకి సూదిలా గుచ్చుకుంది. కౌంటరు అమ్మాయి అంకె మార్చి, భార్యని చూసి, "అయితే మీరు..." అంది.

"మా అమ్మాయే. లేటుగా పుట్టింది. అప్పట్నుంచీ దేనికీ టైముకి రాదు," అంది అత్తగారు.

భార్య తల్లిని పక్కకి లాగింది. "ఏంటమ్మా ఇది?"

"మీ ఆయన నన్ను డెబ్బై రెండు దాకా తీసుకెళ్ళి దింపేశారు. మిగతా ఏడూ నేనే నడిచాను."

వెంటనే చక్రాల కుర్చీ వచ్చింది. అత్తగారి చేతికి ఎర్ర పట్టీ, పిల్లకి నీలం పట్టీ, గుమస్తాకి ఆకుపచ్చ పట్టీ కట్టారు. భార్యకి 'సహాయకురాలు' అని రాసి ఉన్న పసుప్పచ్చ కోటు తొడిగారు. ఇస్త్రీ చేసిన చీర దాని కింద మాయమైపోయింది.

రోలర్ కోస్టర్ కనబడగానే అత్తగారు కుర్చీలోంచి దిగి, నలభై మెట్లు గబగబా ఎక్కేసింది. పైన కాపలా ఉన్నతను నోరు తెరిచి చూసి, తర్వాత చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎర్ర పట్టీ వాళ్ళు ఎక్కకూడదమ్మా."

"నాకు అరవై మూడే బాబూ."

అతను పక్కనున్న బోర్డు చూపించాడు. తప్పుడు వివరాలిస్తే ఒక్కో మనిషికి టికెట్టు ధరకి పదింతలు జరిమానా. ముగ్గురికీ కలిపి ముప్పై ఆరు వేలు. బోర్డు చదవడం పూర్తికాకముందే, వెనకే ఎక్కి వచ్చిన గుమస్తాకి మొత్తం వచ్చేసింది.

"అత్తయ్యగారికి ఈ మధ్య మతిమరుపండీ," అన్నాడు.

పదేళ్ళు నిండని నీలం పట్టీకీ అనుమతి లేదు. సహాయకురాలు పెద్దావిడని వదిలి కదలకూడదు. అత్తగారు మళ్ళీ మెట్లు దిగింది, ఈసారి నిజంగానే డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిలా. కుర్చీలో కూర్చుని కాసేపు కొత్త బూట్ల వైపు చూసుకుంది. గుమస్తా వచ్చి కుర్చీ పిడులు పట్టుకున్నాడు.

"వెళ్ళిపోదామా అత్తయ్యా?" అన్నాడు.

"ఎందుకూ? ఆకుపచ్చ పట్టీ మీకుందిగా. ఎక్కండి."

గోదాములో అతను నిచ్చెన మూడో మెట్టు దాటడు. పై అరల టైర్లు కింద నుంచే లెక్కపెడతాడు. ఆ సంగతి భార్యకి తెలుసు. ఆమె పసుప్పచ్చ కోటు సర్దుకుంది.

"పన్నెండు ఆటలున్నాయండీ. టికెట్టు పన్నెండు వందలు. ఒక్కటి మానేసినా వంద నష్టం," అంది.

అతను ఎక్కాడు. పైకి వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు, కిందికి పడేటప్పుడు తెరుచుకున్నాయి. అత్తగారు కింద పందిట్లో, ఎర్ర పట్టీలకి ఊరికే ఇచ్చే పళ్ళరసం తాగుతూ, ఆపరేటరు గొంతుతో ప్రతి కేకకీ వివరణ ఇచ్చింది. "అదిగో, ఆ సన్నటి గొంతు మీ నాన్నదే." మనవరాలు పడీపడీ నవ్వింది. ఆరో ఆట తర్వాత అతను భోజనం వద్దన్నాడు. దానివల్ల ఇంకో రెండొందలు మిగిలాయి.

పన్నెండోది దిగి, కటకటాలు పట్టుకుని నిలబడి, బతికి బయటపడ్డాననుకుంటూ ఉండగా మైకు మోగింది. ఆ రోజు వచ్చినవాళ్ళలో అందరికంటే పెద్దావిడకి పార్కువాళ్ళు బహుమానం ఇస్తున్నారట. చప్పట్ల మధ్య అత్తగారు కుర్చీలో వేదిక ఎక్కింది. మేనేజరు ఆవిడ చేతిలో ఒక కవరు పెట్టాడు. కుటుంబమంతటికీ ఏడాది పాసు, ప్రతి ఆదివారం ఉచితం.

గుమస్తా తూలుకుంటూ మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "పట్టీల రంగులు మార్చుకోవచ్చాండీ?"

"కుదరదండీ. ఇవాళ మీరిచ్చిన వివరాలే ఏడాదంతా ఉంటాయి."

"పోనీ, ఎవరికైనా ఇచ్చేయొచ్చా?"

"అయ్యో, అదేం మాట," అంది భార్య వెనక నుంచి. "ఊరికే వచ్చింది వాడుకోకపోతే ఎంత నష్టం."

"వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చేద్దాం," అంది అత్తగారు. "పందిట్లో ముందు వరస దొరుకుతుంది."

తిరుగు ప్రయాణంలో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా గుమస్తా ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంటున్నాడు. కూతురు అతని మోచెయ్యి తట్టింది. "నాన్నా, నాకు పదేళ్ళు ఎప్పుడు నిండుతాయి?"

అతను కళ్ళు మూసుకునే వేళ్ళ మీద లెక్కపెట్టి, ఇంకా పన్నెండు నెలలు ఆగాలన్నాడు.