కామాగారి పెన్సిల్

ఆ సెలవు రోజు పొద్దున కామాగారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, క్షవరం చేయించుకోవాలి, వచ్చి మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలీకుండా నిద్రపోవాలి. కామాగారంటే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దమనిషి. ఏ పని చేస్తున్నా మధ్యలో ఓసారి ఆగి చొక్కా జేబు తడుముకుంటారని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. జేబులో ఒక పెన్సిల్ ఉంటుంది, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం. అది లేకపోతే ఆయనకు చొక్కా వేసుకున్నట్టే ఉండదు. ఆ పొద్దున తడుముకుంటే జేబు ఖాళీగా ఉంది.

ఇల్లంతా గాలించారు. చివరికి వంటింటి కిటికీలో, ఓ నవల పేజీల మధ్య కనిపించింది. ఆ నవల ఆయన చేతుల మీదుగా అచ్చయినదే. ప్రేమనీ, స్వేచ్ఛనీ, దేవుణ్ణీ వెతుక్కుంటూ ఒక ఇల్లాలు గడప దాటే కథ అని అట్ట వెనక రాసి ఉంటుంది. అంతకు మించి కామాగారికి తెలీదు. మూడుసార్లు దిద్దారు గానీ ఒక్కసారీ చదవలేదు. దిద్దేవాడు కథలో పడితే తప్పులు తప్పించుకుపోతాయని ఆయన సిద్ధాంతం.

పుస్తకం తెరిచి చూశారు. లోపల అక్కడక్కడా నీలం గీతలు. 'గొళ్ళెం లోపలి వైపే ఉందని ఆమెకు ఇన్నేళ్ళకు తెలిసింది.' దాని కింద ఒక గీత. ఇంకో పేజీలో, 'దేవుడు నా మాట వింటాడు. ఇంట్లోవాళ్ళు వినేది గిన్నెల చప్పుడే.' దీని కింద రెండు గీతలు.

ఇంట్లో ఆయన కాక ఉన్నది ఇద్దరే. అమ్మ ప్రార్థన పుస్తకం తప్ప మరోటి ముట్టదు. అంటే ఇది భార్య పనే. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది. "మగాళ్ళకి స్టీరింగు పట్టుకోవడం నేర్పే ఉద్యోగం ఆడదానివి నీకెందుకు? నలుగురూ నవ్వుతున్నారు, మానెయ్" అని కామాగారు వారం కిందటే ఉపన్యాసం దంచారు. ఆ నలుగురూ ఎవరని ఆమె అడిగితే నీళ్ళు నమిలారు. అప్పట్నుంచీ ఆమె ముభావంగా ఉంటోంది. ఇక వెళ్ళిపోతుంది కాబోలు అనుకునేసరికి, ఆమె లేని ఇల్లు కళ్ళ ముందు కదిలింది.

ఎలాగైనా మంచి చేసుకోవాలని వంటింట్లోకి దిగారు. పాలు పొంగించారు, కూర మాడ్చారు, మాడిన గిన్నె తోమబోయి కుళాయి ఊడబెరికారు. నీళ్ళు పైకప్పు దాకా చిమ్ముతుంటే భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఇది?"

"నీకు కాస్త సాయం చేద్దామని."

"క్షవరానికి వెళ్తానన్నారుగా?"

"నా జుట్టుకేం తొందర. నువ్వు చెప్పు, నీకేమైనా కష్టంగా ఉందా?"

ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం కూడా లేదే అని గొణుక్కుంటూ ట్యాంకు వాల్వు కట్టడానికి డాబా మీదికి వెళ్ళింది.

అమ్మ అప్పుడే ప్రార్థన మందిరానికి బయల్దేరుతోంది. కామాగారు ఆవిణ్ణి గుమ్మం దగ్గర పట్టుకున్నారు.

"అమ్మా, పుస్తకంలో గీతలు చూశాను."

ఆవిడ మొహం పాలిపోయింది. "చూశావా?"

"చూశాను. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పాలా అని నెల్లాళ్ళుగా నిద్ర లేదు నాన్నా."

"ఈ ఇంట్లో ఏం తక్కువైందమ్మా?"

"తక్కువేం కాలేదు. ఓసారి బయటికెళ్ళి చూడాలని మాత్రం ఉండదా?" ఆవిడ సంచీ తాడు వేలికి చుట్టుకుంది. "ఇప్పుడేం చేస్తావు? ఆపుతావా?"

కోడల్ని వెనకేసుకొస్తోందని కామాగారు అనుకున్నారు. ఆయనకు ఏడుపొచ్చింది. "ఆపనమ్మా. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. నీ మీద ఒట్టు. ఇదిగో, ఈ పెన్సిల్ కూడా ఉంచుకోండి, ఎన్ని గీతలు కావాలంటే అన్ని గీసుకోండి. మళ్ళీ తిరిగొస్తే చాలు."

"రాక ఎక్కడికి పోతార్రా," అంటూ ఆవిడ కొడుకు తల నిమిరి, పెన్సిల్ సంచీలో వేసుకుని, ఎన్నడూ లేనంత హుషారుగా మెట్లు దిగింది.

ఆ ఒట్టు పావుగంట కూడా నిలవలేదు. కామాగారు కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే, డాబా మీంచి భార్య ఫోన్లో మాట్లాడుతున్న మాటలు వినపడ్డాయి.

"తెలిసిపోయిందా? ఆపనన్నారా, నిజంగా? అయితే ఇంకా దాపరికమెందుకు, ఇవాళే మెయిన్ రోడ్డెక్కేద్దాం. మందిరం వెనక సందులో నిలబడండి, కారు తెస్తాను. భయపడకండి, పక్కన నేనుంటాగా. మీ బట్టలు కూడా నా బ్యాగులోనే సర్దేశాను."

వాడెవడో, తాను అమ్మతో అన్న మాట వాడి దాకా ఎలా వెళ్ళిందో, వాడి బట్టలు తన ఇంట్లోకి ఎప్పుడొచ్చాయో కామాగారికి అంతుపట్టలేదు. భార్య బ్యాగు భుజాన వేసుకుని "పనుంది, వస్తా" అని బయటపడగానే మామగారికి ఫోన్ కొట్టారు. మామగారు పక్క వీధిలోనే ఉంటారు. ట్రాఫిక్ పోలీసుగా ఆయన రిటైరై చాలా కాలమైంది గానీ, ఆయన మెళ్ళో ఈల ఇంకా రిటైర్ కాలేదు.

"మామయ్యగారూ, మీ అమ్మాయి ఎవరితోనో కారెక్కి వెళ్ళిపోతోంది."

"కారు నంబరు చెప్పు," అన్నారు మామగారు, పాత అలవాటు కొద్దీ.

ఇద్దరూ స్కూటరు మీద మందిరం వెనక సందుకు చేరేసరికి, డ్రైవింగ్ స్కూలు కారు గెంతుతూ, ఆగుతూ, మళ్ళీ గెంతుతూ ఎదురొస్తోంది. పక్క సీట్లో భార్య ఉంది. ఎండ అద్దం మీద పడి, నడిపేవాడి మొహం మాత్రం కనపడలేదు. కామాగారు ప్రాణాలకు తెగించి, చేతులు చాచి కారుకు అడ్డంగా నిలబడ్డారు. అదే సమయానికి మామగారు గుండెల నిండా గాలి పీల్చి ఈల ఊదారు. ఆ ఈలకు కారు బెదిరిపోయింది. పేవ్‌మెంటు ఎక్కి, పూలమొక్కల దుకాణం ముందున్న కుండీలన్నీ దొర్లించి, నేర్పేవాళ్ళ కోసం తన కాళ్ళ దగ్గర ఉండే రెండో బ్రేకు భార్య తొక్కబట్టి, కామాగారి మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగింది.

తలుపు తెరుచుకుంది. స్టీరింగు పట్టుకుని అమ్మ కూర్చుని ఉంది.

"ఆపనన్నావుగా నాన్నా," అందావిడ స్టీరింగు వదలకుండానే. "నా మీద ఒట్టు కూడా పెట్టావు."

కామాగారు నోరు వెళ్ళబెట్టారు. "గీతలు నువ్వు గీశావా?"

"ఇంకెవరనుకున్నావు? సముద్రం చూడాలిరా. మీ నాన్ననడిగితే ఏటా వచ్చే ఏడు చూద్దాంలే అనేవారు. ఆయనంటే నాకు ప్రాణమే. కానీ స్కూటరు మీద ఆయన వెనక కూర్చున్నన్నాళ్ళూ నాకు కనపడింది ఆయన వీపే. ఈసారి ముందు కూర్చుని వెళ్దామనుకున్నాను. మందిరంలో దేవుణ్ణి రోజూ అడిగేది ఒక్కటే, క్లచ్ వదిలితే బండి ఆగిపోకుండా చూడమని."

భార్య కారు దిగి కామాగారి ఎదురుగా నిలబడింది. ఆమె గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువుంది. "నేను వెళ్ళిపోతున్నాననుకున్నారు కదూ? నాలుగు గీతలు చూడగానే నమ్మేశారు. ఎందుకు?"

కామాగారు జేబు తడుముకున్నారు. జేబులో ఏమీ లేదు.

"వెళ్ళిపోవాలనిపించేలా మాట్లాడింది నేనే కదా," అన్నారు నెమ్మదిగా. "నలుగురూ నవ్వుతున్నారని."

"ఎవరా నలుగురూ?"

"నేనే," అన్నారు కామాగారు. "నలుగురూనూ."

ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మామగారు తప్పంతా ఈలదే అన్నట్టు దాన్ని చొక్కా లోపలికి తోసేసి, కుండీలు నిలబెట్టి, దగ్గరుండి కారు రివర్సు చేయించారు.

"నేనూ రానా?" అని అడిగారు కామాగారు.

"వద్దు నాన్నా, పక్కన కూర్చుని తప్పులు దిద్దుతావు," అంది అమ్మ.

"రేపు సాయంత్రానికి వచ్చేస్తాం," అంది భార్య అద్దం దించి. "ఈలోపు ఆ పుస్తకం చదవండి. దిద్దొద్దు, చదవండి." కారు ఒక్క గెంతు గెంతి, తర్వాత సాఫీగా మలుపు తిరిగింది.

కామాగారు క్షవరం సంగతి మర్చిపోయి, నీళ్ళు రాని ఇంట్లో, మాడిన గిన్నె పక్కనే కూర్చుని నవల మొదటి పేజీ నుంచీ చదివారు. 'వెళ్ళనిచ్చిన చోటికే తిరిగి రావాలనిపిస్తుంది' అన్న వాక్యం దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. మూడుసార్లు దిద్దినా ఆ వాక్యం ఆయన కంట పడనేలేదు. దాని కింద తానూ ఒక గీత గీద్దామనుకున్నారు గానీ, పెన్సిల్ సముద్రం చూడ్డానికి వెళ్ళింది.