పుట్టగొడుగుల దారిలో నర్సమ్మ

తేలిగ్గా దొరికే వైద్యం ఆరోగ్యానికి మంచిది కాదు! ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

ఒంట్లో నలతగా ఉందని ఫోన్ చేస్తే "రేపు రండి" అన్నారనుకోండి. వెళ్తారు, చూపించుకుంటారు, ఇంటికొచ్చి పడుకుంటారు. అందులో పౌరుషం ఏముంది? నలుగురికీ చెప్పుకోవడానికి కథ ఏముంది?

మా టాలో ఫోర్క్ వాళ్ళకి అలాంటి దుర్గతి పట్టలేదు. వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఊరు మాది. బొగ్గు గని మూతపడ్డాక ముగ్గురిలో ఇద్దరి చేతిలో సర్కారు ఆరోగ్య బీమా కార్డే. డాక్టర్లు ఎప్పుడో కొండ దిగిపోయారు. ఇక దిక్కు, ఇంటిల్లిపాదినీ చూసి మందులు కూడా రాసివ్వగల నర్స్ ప్రాక్టీషనర్లే. వాళ్ళున్నారు. కార్డు తీసుకునేవాళ్ళే లేరు.

లేరంటే కళ్ళు పోతాయి. కార్డుతో పాటు, దాన్ని తీసుకునేవాళ్ళంటూ నలభై ఒక్క పేర్ల జాబితా పంపారు మరి! నా భార్య వనీటాకి బీపీ మాత్రలు రాసే నర్సు మార్చిలో రిటైరైంది. సీసాలో మిగిలినవి ముప్ఫై మాత్రలు. జాబితా ముందేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.

మొదటి నర్సు ఫ్లోరిడా వెళ్ళిపోయింది. రెండో ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, వాళ్ళాయన ఫోనెత్తాడు. అరగంట మాట్లాడుకున్నాం, మంచివాడు. ఏడో నంబరు కుక్కలకి క్షవరం చేసే కొట్టుది. వాళ్ళు మాత్రం ఏ కార్డూ అడక్కుండా మంగళవారం రమ్మన్నారు. పదిహేనో నర్సు కార్డు తీసుకుంటుందిట, గర్భిణులైతేనే. వనీటాకి అరవై మూడేళ్ళు. "మాత్రల కోసం మరీ అంత కష్టపడలేను," అంది.

ఇన్ని పరిచయాలు, ఇంత వినోదం, హోల్డులో పెట్టి వినిపించిన అంత పియానో! అడగ్గానే దొరికే వైద్యంలో ఇవన్నీ ఉన్నాయా?

ఊళ్ళోవాళ్ళనీ అడిగాను. మావాళ్ళు మంచివాళ్ళు. మంచులో కారు దిగబడితే ట్రాక్టరుతో వచ్చి లాగుతారు. ఇల్లు కాలితే పళ్ళేలకి పళ్ళేలు వండి తెస్తారు.

"ఏమోనయ్యా, నాకూ తెలీదు," అంది పక్కింటి డెల్మా, ఆకాశం వైపు చూస్తూ.

"దేవుడే చూపించాలి తమ్ముడూ," అన్నారు పాస్టర్ క్లీటస్. సరేనని ఆ పని దేవుడికి అప్పజెప్పి వచ్చాను.

ఏప్రిల్ నడిమికి మాత్రలు తొమ్మిదయ్యాయి. వనీటా ఒక్కో మాత్రనీ కూరగాయల కత్తితో రెండు ముక్కలు చేయడం మొదలుపెట్టింది. నాకు భయం వేసింది.

ఏదైనా మరీ ఎక్కువైతే పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చింది అంటారు. అలా అన్నవాడెవడో మా కొండల్లో వాటికోసం వెతికినవాడు కాదు. ఏప్రిల్ వానలకి మొలిచే ఆ పుట్టగొడుగుల్ని వెన్నలో వేయించి తినాలి. కానీ అవి మొలిచే చోటు ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. డెల్మా మొగుడు ప్రాణం పోయే ముందు అడిగాడట. "పైన నీకు దేనికయ్యా అవి," అందట.

ఒక గురువారం పొద్దున్నే డెల్మా తన పాత ట్రక్కులో బయలుదేరింది. మాటిమాటికీ అద్దంలో వెనక్కి చూసుకుంటూ ఉత్తరంగా కదిలి, వంతెన దాటగానే చటుక్కున దక్షిణానికి తిప్పింది. ఇది పుట్టగొడుగుల ప్రయాణమని నాకు తెలియదా! నర్సు ఎలాగూ దొరకలేదు, వనీటాకి అవైనా తినిపిద్దామని సంచి పట్టుకుని, కారెక్కి వెంటపడ్డాను.

పదకొండు మైళ్ళు, మూడు మట్టిరోడ్లు. చివరికి మూతపడిన తివాచీల కొట్టు వెనక ఆగి, తలకి గుడ్డ చుట్టుకుని లోపలికి దూరింది. తివాచీల కొట్లో పుట్టగొడుగులా? నేనూ దూరాను.

లోపల మా ఊరు కూర్చుని ఉంది! గోడ మీద అట్టముక్క: "సర్కారు కార్డు తీసుకోబడును." దాని కింద, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, పాస్టర్ క్లీటస్.

"వెంటపడ్డావా వర్జిల్? సిగ్గులేదూ?" అంది డెల్మా.

"నీకుందా? నెల్లాళ్ళుగా నేను ఫోన్లు చేస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నావుగా!"

"ఏం చెయ్యమంటావయ్యా? ఆవిడ ఒక్కతే. నీకు చెబితే నువ్వు మీ తోడల్లుడికి చెబుతావు, ఆయన ఊరంతా టముకు వేస్తాడు. ఆనక నా కాలిపుండు ఎవరు చూస్తారు, నువ్వు చూస్తావా?"

పాస్టరు గారు దగ్గారు. "దేవుడు చూపించాడుగా తమ్ముడూ."

నర్సమ్మ బయటికొచ్చింది. నిద్రలేని కళ్ళు. వనీటా మాత్రల సంగతి చెప్పాను. "రేపు తీసుకురండి, ఎలాగో ఇరికిస్తాను," అంది. "ఎవరికీ చెప్పకు," అన్నారు గదిలో అందరూ ఒక్క గొంతుతో. ఒట్టు వేశాను.

మర్నాడు వనీటాని చూసి, ముక్కలు మింగినందుకు చీవాట్లు పెట్టి, మందు రాసి, వచ్చే గురువారం మళ్ళీ రమ్మంది. నేను కార్లో కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి జాబితా మొత్తం వెతికాను. నలభై ఒక్క పేర్లలో ఆవిడ పేరు లేదు.

శనివారం కిరాణా కొట్లో గల్లా దగ్గర రోండా అడిగింది. నిరుడు నేను ఆ కొట్లోనే గుండె పట్టుకుని కూలబడితే, అంబులెన్సు వచ్చేదాకా నా చెయ్యి వదలని పిల్ల.

"బాబాయ్, పిన్నికి నర్సు దొరికిందా? మా అమ్మకి ఆయాసం మందు అయిపోవచ్చింది."

"ఏమోనమ్మా, నాకూ తెలీదు," అన్నాను, కొట్టు కప్పు వైపు చూస్తూ.

"మరి గురువారం పొద్దున్నే ఎక్కడికి వెళ్ళావు?"

"పుట్టగొడుగులకి."

"దొరికాయా?"

"ఈ ఏడు బొత్తిగా కరువమ్మా."

రోండా నా సరుకులు సంచిలో సర్ది, బరువనిపించి, కారు దాకా తానే మోసుకొచ్చింది.

అందుచేత పాఠకులారా, నేను ఒట్టు తప్పను, పేరు రాయను. తివాచీల కొట్టు అన్నది కూడా అబద్ధం. వంతెన మాత్రం నిజం. వచ్చే గురువారం పొద్దున ఎనిమిదింటికి దాని మీద కారు చాలా మెల్లగా నడుపుతాను. రోండా, అమ్మ కార్డు మరిచిపోకు.