రాహుకాలంలో ఆగిన ఎలుగుబంటి కంప్యూటరు

ఒక పెద్ద అడవిలో, అందరికీ కంప్యూటర్లుండి ఎవరికీ తొందర లేని రోజుల్లో, బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు.

ఆయన కంప్యూటరు పదేళ్ల నాటిది. భార్య తేనెమ్మ దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పేది, దసరాకి బొట్టు పెట్టేది. బటను నొక్కి బొంతయ్య ఏటికెళ్లి స్నానం చేసి వచ్చేసరికి అది మేలుకునేది. దాంతో ఆయనకి ఏ పేచీ లేదు.

ఇంతలో గుహల శాఖ నుంచి తాఖీదు వచ్చింది. గుహ పట్టా పొడిగింపుకి గురువారం సాయంత్రం ఐదులోగా దరఖాస్తు ఇవ్వాలట. కొత్త ఆపరేటింగ్ సిస్టం మీద కొట్టిన దరఖాస్తులే చెల్లుతాయట. ఇవ్వనివాళ్ల గుహలు ఇల్లులేని అర్హులకి పోతాయట.

కింద సంతకం సూపరింటెండెంటు జిత్తారావుది. జాతికి నక్క. బొంతయ్య గుహ మీద ఈ జిత్తారావు బామ్మర్దికి ఎప్పట్నుంచో కన్ను. తూర్పు గుమ్మం, పక్కనే తేనెపట్లు. అర్హుడు అనిపించుకోవడానికి బామ్మర్ది తన బొరియని ముంగిసకి రాసిచ్చేసి, సొంత ఇల్లు లేదని ధ్రువపత్రం కూడా తెచ్చుకున్నాడు.

బొంతయ్య తాఖీదుని రెండుసార్లు చదివాడు. తేనెమ్మకి నెలలు నిండాయి. గుహ పోతే చలికాలంలో బాలింతని, పసిగుడ్డుని ఎక్కడ దాస్తాడు?

గురువారం పొద్దున్నే కొత్త సిస్టం ఎక్కించబోతే తేనెమ్మ అడ్డుపడింది.

"ఏమయ్యో, కొత్తదాంట్లోకి మారడమంటే గృహప్రవేశమే కదా! ముహూర్తం చూడక్కర్లా?"

గోడ మీది బల్లి శాస్త్రిని పిలిచారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డ సామెత ఆయనకీ తెలుసు. అందుకే కుడితి తొట్టి ఉన్న ఇంటికి పోడు.

"పదకొండింటికి దివ్యంగా ఉంది" అన్నాడు శాస్త్రి. "ఒంటిగంటన్నరకి రాహుకాలం. ఈలోగా లోపలికెళ్లిపోవాలి."

కంప్యూటరు పక్కన పాలు పొంగించారు. కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్లు పడకుండా బొంతయ్య తన వీపు అడ్డం పెట్టాడు. సరిగ్గా పదకొండింటికి బటను నొక్కాడు. 'కాసేపట్లో పూర్తవుతుంది' అంది తెర.

పన్నెండుకి పది శాతం. ఒంటిగంటకి యాభై. ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి ఎనభై రెండు దగ్గర మొరాయించింది.

"ఆపెయ్యండి!" అని అరిచాడు శాస్త్రి.

"ఆపొద్దని తెర మీద రాసుంది శాస్త్రిగారూ!"

"రాసినవాడు పంచాంగం చూశాడా?"

తేనెమ్మ పొట్ట పట్టుకుంది. "నా బిడ్డ పుట్టే ఇంట్లోకి రాహుకాలంలో ఏదీ అడుగు పెట్టడానికి వీల్లేదు!"

భార్య మాటకి ఎదురుచెప్పే ఎలుగు ఆ అడవిలో ఇంకా పుట్టలేదు. బొంతయ్య కళ్లు మూసుకుని ప్లగ్గు పీకేశాడు.

మూడింటికి మళ్లీ పెడితే, 'మార్పులు వెనక్కి తీసేస్తున్నాం' అని వచ్చింది. నాలుగింటికి అదే పాత కంప్యూటరు, అదే పాత తెర. బొంతయ్య తల బాదుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే పాతదాని మీదే దరఖాస్తు కొట్టి, పెన్‌డ్రైవు పిడికిట బిగించి ఆఫీసుకి పరిగెత్తాడు.

అక్కడ మృగరాజు స్వయంగా పట్టాలు పంచడానికి వచ్చి కూర్చున్నాడు. చుట్టూ విలేకరి కాకులు.

"పాత సిస్టమా? చాల్చాల్లే, అవతల పడెయ్" అంటూ జిత్తారావు బొంతయ్య పెన్‌డ్రైవుని ఓ మూలకి విసిరేశాడు. పళ్లికిలిస్తూ ముందు బామ్మర్దిది పెట్టాడు.

'ఈ ఫైలు తెరవడం సాధ్యం కాదు' అంది ఆఫీసు కంప్యూటరు.

తోడేలుది పెట్టాడు. అదే మాట. కుందేలుది, ముళ్లపందిది, మరో నలభై. అదే మాట.

సంగతేమిటంటే, ఆఫీసు కంప్యూటరు బొంతయ్యదానికన్నా ముసలిది. దాన్ని మార్చాలని పెట్టిన ఫైలు ఆరేళ్లుగా జిత్తారావు బల్ల మీదే నిద్రపోతోంది. అది ఇన్నాళ్లూ ఎవరికీ అడ్డురాలేదు. ఎందుకంటే ఆ ఆఫీసులో వచ్చిన దరఖాస్తు తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

"కాకుల ముందు నా పరువు తీస్తావా? తెరుచుకునేది ఒక్కటైనా ఉందా లేదా?" అని గర్జించాడు మృగరాజు.

బంట్రోతు దున్న గబగబా వెళ్లి మూలనున్న పెన్‌డ్రైవు తెచ్చి పెట్టాడు. టక్కున తెరుచుకుంది.

"నిబంధన ప్రకారం ఇది చెల్లదు ప్రభూ!" అన్నాడు జిత్తారావు.

"చెల్లేవేవీ తెరుచుకోలేదు. తెరుచుకున్నదానికి పట్టా ఇచ్చెయ్. ఫొటో తియ్యనీ!"

బొంతయ్య పట్టా పుచ్చుకుని ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు. పై వారం తేనెమ్మ తన గుహలోనే ఇద్దరు పిల్లల్ని కంది. బల్లి శాస్త్రి "నే చెప్పలా!" అని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.

మిగతావాళ్లకి, ఆఫీసు కంప్యూటరు మారేదాకా ఎవరి గుహలో వాళ్లు ఉండొచ్చని గడువు పొడిగించారు. బామ్మర్దికి మాత్రం ఉండడానికి గుహా లేదు, వెనక్కి పోవడానికి బొరియా లేదు. మూటాముల్లె తెచ్చి జిత్తారావు నడవలో కాళ్లు చాపాడు.

"ఎన్నాళ్లుంటావురా?" అని నీరసంగా అడిగాడు జిత్తారావు.

"నీ బల్ల మీది ఫైలు కదిలేదాకా బావా!"

నీతి: కాలంతో పాటు మారాల్సిందే, ఆఫీసు కన్నా ముందు మాత్రం మారకూడదు.